కానరాని మూడవవాడు

లోకములో జరుగు ప్రతి బేరములోను ముగ్గురుందురు. ఆశ చూపువాడు ఒకడు. ఆ ఆశకు లోబడి లాభము పొందువాడు ఒకడు. ఆ లాభమునకు మూల్యము చెల్లించువాడు మరియొకడు. ఆశ చూపినవానిని లోకము దుష్టుడని నిందించును. మూల్యము చెల్లించినవానిని చూచి అయ్యో యని జాలిపడును. లాభము పొందినవాని ప్రసక్తి మాత్రము ఎవరును ఎత్తరు. అతడు దుష్టుడు కాడు, దీనుడును కాడు. మనవంటి సామాన్య గృహస్థుడు. చేతికి వచ్చినది తీసికొని, అది ఎక్కడినుండి వచ్చినదని అడుగక, తన దారిన తాను పోవును. అట్టివాని దోషమెంత? అసలు దోషమున్నదా? హైదరాబాదులోని ఒక దారుశిల్పమును ఆధారము చేసికొని ఈ ప్రశ్నను విచారింప దలచితిమి.

మూసీనది దక్షిణపు గట్టున సాలార్‌జంగ్ మ్యూజియము కలదు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను 1949లో సంతానము లేక మరణించిన పిమ్మట, ఆ వంశమువారు సేకరించిన కళాఖండములను ప్రజలు చూచుటకై 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలో ఈ ప్రదర్శనశాలను ప్రారంభించెను. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ యయ్యెను. 1968లో ఇప్పటి భవనమునకు మారెను. పల్లెలనుండి నగరమునకు వచ్చినవారు చార్మినారు చూచిన పిదప తప్పక పోవు చోటు ఇది. గంట కొట్టు గడియారము చుట్టు పిల్లలు గుమిగూడుదురు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన రెబెక్కా ప్రతిమ ముందు పెద్దలు నిలిచి, చలువరాతిలో పలుచని ముసుగు ఎట్లు వచ్చెనా యని ఆశ్చర్యపడుదురు. వీనివలెనే జనులను నిలువరించు మరియొక వస్తువు అచటి జంట దారుశిల్పము.

అది నిలువెత్తు విగ్రహము. సైకమోరు అను చెట్టు మొద్దు ఒక్కదానినుండియే మలచినది, పందొమ్మిదవ శతాబ్దమునాటిది. ఎదుట నిలిచి చూచినచో, ఛాతి విరుచుకొని, పెదవిపై వెటకారపు నవ్వుతో నిలిచిన పురుషుడు కానవచ్చును. ఇతడు మెఫిస్టోఫిలిస్ అను పిశాచము. విగ్రహము వెనుక పెద్ద అద్దము నిలిపియున్నారు. ఆ అద్దములో చూచినచో పురుషుడు లేడు. తల వంచుకొని, చేత ప్రార్థనాగ్రంథము పట్టుకొనిన ఒక కన్య కలదు. ఆమె పేరు మార్గరెటా. ఆతని వీపు ఉండవలసిన చోట ఆమె రూపము, ఆమె వీపు ఉండవలసిన చోట ఆతని రూపము. ఇద్దరికిని వీపు లేదు.

వీపు లేని మనుష్యులు కలలో తప్ప కానరారు. ఇట్టి స్వప్నసదృశమైన కల్పనకు ఇరువదవ శతాబ్దమున అధివాస్తవికత యను పేరు వచ్చినది. 1924లో ఫ్రెంచి కవి ఆంద్రె బ్రెతోన్ వెలువరించిన ప్రకటనతో అది ఉద్యమ రూపము దాల్చెను. తెలుగు కవిత్వమున శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు ఆ మార్గమున నడచి చూపిరి. శిల్పకళలో దానికి నేటి ఉదాహరణ ప్రాగ్ నగరమున ఉన్నది. అచట 2014లో డేవిడ్ చెర్నీ యను శిల్పి కథకుడు కాఫ్కా శిరస్సును ఉక్కుతో నిలిపెను. సుమారు 11 మీటర్ల ఎత్తుగల ఆ శిరస్సు 42 పొరలుగా విడిపోయి, ఒక్కొక్క పొర వేరువేరుగా తిరుగుచు, మరల ఒక్క ముఖముగా కూడుకొనును. మెరుగు పెట్టిన ఆ ఉక్కులో ఎదుటివారి ప్రతిబింబము కూడ చెదరుచు కూడుచు ఉండును. ఇట్టి శిల్పములు చూచువానిని ఊరక నిలువనీయక తమలోనికి లాగుకొనును. సాలార్‌జంగ్ శిల్పము, అధివాస్తవికత యను పేరు పుట్టకముందే ఆ పని చేసినది. అది ఎట్లో తెలియుటకు మూలకథ తెలిసియుండవలెను.

ఆ కథ జర్మను మహాకవి గేథే (1749–1832) రచించిన ఫౌస్టు నాటకములోనిది. మొదటి భాగము 1808లో ప్రకటితమయ్యెను. రెండవ భాగము ఆయన మరణించిన ఏడాదియే, 1832లో, వెలువడెను. ఫౌస్టు సకల శాస్త్రములు చదివిన పండితుడు. ఏ చదువును తృప్తినియ్యక విసిగియుండెను. అతనివద్దకు మెఫిస్టోఫిలిస్ వచ్చి ఒడంబడిక ప్రతిపాదించెను. ఈ లోకమున పిశాచము అతనికి సేవకుడై కోరినదెల్ల సమకూర్చును. ఏనాడైనను ఫౌస్టు ఒక క్షణమునందు సంపూర్ణ తృప్తి చెంది అది అట్లే నిలువవలెనని కోరినచో, ఆనాటినుండి అతని ఆత్మ పిశాచమునకు వశమగును. ఫౌస్టు తన నెత్తుటితో సంతకము చేసెను. యౌవనము తిరిగి వచ్చెను. వీధిలో మార్గరెటా కంటబడెను. ఆమెను తనకు చేకూర్చుమని పిశాచమును ఆజ్ఞాపించెను.

పిదప జరిగినదెల్ల ఆ పిల్ల తలమీదనే జరిగినది. ఫౌస్టు ఇచ్చిన నిద్రమందు అధికమై ఆమె తల్లి మరణించెను. అడ్డువచ్చిన అన్న ఫౌస్టు కత్తికి బలియయ్యెను. గర్భవతియైన ఆమెను విడిచి ఫౌస్టు కొండలపై పిశాచముల తిరునాళ్ల చూచుటకు పోయెను. లోకనిందకు జడిసి, మతి చలించి, ఆమె తన శిశువును నీట ముంచి చంపెను. మరణశిక్షకై చెరసాలలో పడెను. ఇది విని ఫౌస్టు మెఫిస్టోఫిలిస్‌పై మండిపడగా, ఆమె పతనమునకు కర్త ఎవరని పిశాచమే అతనిని ఎదురు ప్రశ్నించెను. ఫౌస్టునకు బదులు దొరకలేదు.

ఇది కేవలము కవికల్పన కాదు. 1772 జనవరి 14వ తేదీన ఫ్రాంక్‌ఫర్టు నగరమున సుసానా మార్గరెటా బ్రాంట్ అను పనిమనిషికి శిశుహత్యానేరముపై శిరచ్ఛేదము జరిగెను. ఆమె బిడ్డకు తండ్రియైనవాడు అంతకుముందే ఊరు విడిచి వెళ్లిన పరదేశి. అప్పుడు గేథే ఆ నగరముననే న్యాయవాదిగా నుండిన యువకుడు. ఆ సంఘటన ఆయన మనస్సును కలచి, నాటకములోని మార్గరెటాకు ఆధారమయ్యెను. కథలోను, వాస్తవములోను ఒక్కటే తీరు: మూల్యము చెల్లించినది ఒకతె, లాభము పొందినవాడు ఊరు దాటిపోయినవాడు.

ఇప్పుడు మరల మ్యూజియములోని మొద్దువద్దకు వత్తము. అందు పిశాచము కలదు, కన్య కలదు, ఫౌస్టు లేడు. నాటకమునకు పేరు ఎవరిదో, ఒడంబడికపై నెత్తురు ఎవరిదో, ఆ నాయకుడే శిల్పములో లేడు. శిల్పి ఉద్దేశము కేవలము తన హస్తకౌశలమును చూపుటయే కావచ్చును. ఒక మొద్దు రెండు ప్రక్కలకు ఇద్దరు చాలుననుకొనియుండవచ్చును. అయినను ఆ విగ్రహమును చూచు విధానము మరియొక అర్థమును పుట్టించుచున్నది. మనము మెఫిస్టోఫిలిస్ ఎదుట నిలిచెదము. మార్గరెటాను చూచుటకు అతని భుజము ప్రక్కగా అద్దములోనికి తొంగి చూచెదము. అప్పుడు ఆ అద్దములో ఆమెతోపాటు మరియొక ముఖము కానవచ్చును. అది చూచువాని ముఖమే. పిశాచమును ముఖాముఖిగాను, కన్యను వానిచాటునుండియు చూచు స్థానము నాటకములో ఫౌస్టుది. ఆ స్థానము ఇచట ఖాళీగా నున్నది. ఎవడు వచ్చి నిలిచిన వానిది అగును.

ఈ శిల్పమును గూర్చి లోకమున ప్రచారములోనున్న వ్యాఖ్యానము వేరు. ప్రతి మనుజునిలోను మంచియు చెడుయు కలవనియు, ఒకే మానులో దేవుడును దయ్యమును ఉన్నట్లు ఒకే మనస్సులో రెండు గుణములుండుననియు చెప్పుదురు. వినుటకు ఇంపైన మాటయే. కాని ఈ వ్యాఖ్యానము మనకు మిక్కిలి సుఖమైనది గనుక దానిని అనుమానింపవలెను. మార్గరెటా ఒక గుణము కాదు, ఒక మనిషి. ఆమెకు తల్లి యున్నది, అన్న యున్నాడు, ఇంటిపని యున్నది, బిడ్డ యున్నది. ఆమెను మనలోని మంచితనమునకు గుర్తుగా మార్చివేసినచో, ఆమెకు జరిగిన అన్యాయము మన అంతరంగములోని ఒక చిన్న సంఘర్షణగా కరిగిపోవును. అప్పుడు అన్యాయమునకు గురియైనవారు ఉండరు, బాధ్యులును ఉండరు. ఆత్మపరిశీలన యను ఒక మర్యాదయైన విచారము మాత్రము మిగులును. కావున మనలో ఎన్ని ముఖములున్నవని గాక, మన లాభమునకు మూల్యము చెల్లించినవారి ముఖము మనము చూచితిమా యని అడుగవలెను.

నాటకము రెండవ భాగమున ఈ ప్రశ్న ఇంకను విశాలమగును. ఫౌస్టు ముసలివాడై, సముద్రతీరమునకు అధిపతియై, కట్టలు కట్టి, కాలువలు త్రవ్వి, సముద్రమునుండి కొత్తభూమిని సంపాదించుచుండును. అది జనులు నివసించుటకు చేయు గొప్ప కార్యమే. కాని అతని భవనము ప్రక్కన ఒక చిన్న దిబ్బ, దానిపై కొన్ని చెట్లు, ఒక చిన్న ప్రార్థనాలయము, ఒక కుటీరము. అందు ఫిలెమోన్, బౌకిస్ అను వృద్ధ దంపతులుందురు. అంత రాజ్యములో తనది కాని ఆ కొద్దిపాటి స్థలము ఫౌస్టు కంటికి నలుసయ్యెను. వారిని వేరుచోటికి మార్చుమని పిశాచమునకు చెప్పెను. మారుగా మంచి భూమి కూడ నిర్ణయించెను. మెఫిస్టోఫిలిస్ తన భటులతో పోయి తలుపులు విరుగగొట్టెను; వృద్ధులు భయముచే ప్రాణములు విడిచిరి; కుటీరము, చెట్లు దగ్ధమయ్యెను. ఫౌస్టు విని కోపించి, తాను మార్పిడి కోరెను గాని దోపిడి కోరలేదనెను. ఆ మాట అబద్ధము కాదు. అబద్ధము కాకపోవుటయే దానిలోని భయంకరత్వము.

మూసీ గట్టునుండి పడమటి దిక్కుగా పోయినచో, ముప్పది ఏండ్ల క్రిందట గండశిలలు, పొలములు, చెరువులు ఉన్న చోట నేడు హైటెక్ సిటీ యున్నది. మాదాపూరులో 1992లో చేతిపనులవారికొరకు శిల్పారామము వెలసెను. దాని చెంతనే 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. అచటినుండి రాయదుర్గము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు అద్దాల మేడలు వరుసలు తీరినవి. ఆ మేడల పునాదులకొరకు పగులగొట్టిన రాళ్లు ఇన్నూట యేబది కోట్ల సంవత్సరముల వయస్సుగలవని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు నీరిచ్చిన దుర్గము చెరువు చుట్టు మేడలు లేచినవి. దానిపై 2020 సెప్టెంబరు 25వ తేదీన తీగల వంతెన ప్రారంభమయ్యెను. 2025 మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలిలో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు ఆనుకొనియున్న 400 ఎకరముల భూమిలో సమాచార సాంకేతిక సంస్థలకు చోటు కల్పించుటకై యంత్రములు దిగి చెట్లు కూల్చసాగెను. ఆ భూమి తనదేయని ప్రభుత్వము వాదించెను. నెమళ్లకును జింకలకును నెలవైన ఆ వనము పోరాదని విద్యార్థులు ఎదురు తిరిగిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను నిలిపివేసెను. ఫిలెమోను దంపతుల దిబ్బమీది చెట్లకు అట్టి న్యాయస్థానము లేకపోయెను. అంతవరకు మన కాలము మేలు.

ఈ మాటలవలన హైటెక్ సిటీ పిశాచనిర్మితమని మేము చెప్పుచున్నామని ఎవరును తలంపరాదు. అట్లు చెప్పుట కృతఘ్నత. జహీరాబాదు, నారాయణఖేడు, తాండూరు ప్రాంతముల వానాధారపు సేద్యముతో అప్పులపాలైన ఎన్నో కుటుంబములలో ఒక్క బిడ్డకు ఆ మేడలలో ఉద్యోగము దొరకుటచేత తండ్రి అప్పు తీరినది, చెల్లెలి చదువు సాగినది. కులము, ఊరు, పలుకుబడి అడుగక చదువును బట్టి పని దొరకిన చోట్లు మన దేశమున అనేకము లేవు. ఆడపిల్ల తన కష్టార్జితముతో తాను నిలువగల ధైర్యము ఆ ప్రాంతము ఇచ్చినది. ఫౌస్టు త్రవ్వించిన కాలువలవలె ఇవియు నిజమైన మేళ్లు. చెడ్డదైన లాభమును త్యజింపుమని చెప్పుట సులభము. మంచిదైన లాభమును అనుభవించుచు దాని మూల్యమెవరు చెల్లించిరని అడుగుట కష్టము. మన ముందున్నది ఆ రెండవ కార్యమే.

ఆ ప్రాంతములో జరుగు వ్యాపారమునకు మూలసూత్రము అప్పగింత. దూరదేశపు సంస్థ తన పనిని ఇచటి సంస్థకు అప్పగించును. ఇచటి సంస్థ తన కావలిపనిని, ఊడ్చుపనిని, వంటపనిని, వాహనములు నడుపు పనిని గుత్తేదారులకు అప్పగించును. గుత్తేదారు మరియొక గుత్తేదారునకు అప్పగించును. దీనిని ఔట్‌సోర్సింగు అందురు. పనిని పంచుకొనుటలో తప్పు లేదు. కాని పనితోపాటు పాపభీతిని కూడ అప్పగించుట ఇందులోని ప్రమాదము. అద్దము తుడుచుటకు ఇరువది అంతస్తుల ఎత్తున త్రాడుపై వ్రేలాడువానికి ప్రమాదము జరిగిన, అతడు మా మనిషి కాడని మేడవారు చెప్పుదురు. మా లెక్కలో లేడని గుత్తేదారు చెప్పును. పాలమూరునుండి, ఒడిశానుండి, బీహారునుండి వచ్చి ఆ మేడలు కట్టినవారు, కట్టుట ముగిసిన మరునాడు ఆ ద్వారమున అడుగు పెట్టజాలరు. పన్నెండు గంటలు నిలువుకాళ్లపై కాపలా కాయు ముసలివాడు లోనికి పోవు ప్రతి యువకునకు నమస్కరించును; ఆ యువకులలో అతని ఊరు పేరు తెలిసినవారు ఎందరు? ఇందులో ఎవరును ఎవరికిని కీడు తలపెట్టలేదు. ఫౌస్టు కూడ తలపెట్టలేదు. అతడు పని చెప్పెను. ఆ పని ఎట్లు జరుగునో చూడకుండెను.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. లోకమంతయు ఒకదానితో నొకటి ముడివడియున్నది. కట్టిన బట్ట ఎవడు నేసెనో, తిన్న మెతుకు ఏ రైతు కన్నీటినుండి వచ్చెనో అడుగుచు కూర్చున్నచో మనుజుడు బ్రదుకజాలడు. ప్రతి లాభములోను ఎవరో ఒకరి కష్టముండును గదా యని. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. సర్వమును ఎరుగుట ఎవరికిని శక్యము కాదు. కాని తెలియకపోవుట వేరు, తెలియకుండునట్లు జాగ్రత్తపడుట వేరు. మొదటిది మానవుని పరిమితి. రెండవది మానవుని దోషము. ఈ రెంటి మధ్య గీత ఎచట నున్నదో గుర్తించుటకు ఒక గురుతు కలదు. ఏ ప్రశ్న అడిగినచో మనకు నష్టము కలుగునని లోలోపల తెలిసియుండునో, ఆ ప్రశ్న అడుగకుండుట అజ్ఞానము కాదు. చౌకగా వచ్చుచున్న ఇంటిస్థలము చెరువు శిఖము భూమి యగునేమో యని అనుమానము కలిగియు పత్రములు చూడనివాడు అమాయకుడు కాడు. అందరికంటె తక్కువ ధరకు పని ఒప్పుకొన్న గుత్తేదారు ఆ తగ్గింపును ఎవరి కూలినుండి తీసెనో ఊహింపనివాడును అమాయకుడు కాడు. వాన కురిసి చెరువు తన చోటు తాను వెదకికొన్ననాడు, 2020 అక్టోబరులో హైదరాబాదున జరిగినట్లు, మూల్యము ఎవరిదో అందరికిని కానవచ్చును. అప్పటికి అమ్మినవాడు వేరొక చోట అమ్ముకొనుచుండును.

నాటకములో ఒక చిన్న సంఘటన కలదు. మార్గరెటాను లోబరచుకొనుటకై పిశాచము ఆమె బీరువాలో ఒక నగల పెట్టెను చాటుగా ఉంచును. అది ఎక్కడిదో ఆమెకు తెలియదు. ఆమె తల్లి అనుమానించి, ఆ నగలను మతగురువునకు సమర్పించును. ఆయన ఎవరివి, ఎట్లు వచ్చినవి యని విచారింపకయే సంతోషముతో స్వీకరించి, ఆశీర్వదించి పోవును. గేథే దీనిని పరిహాసముగా వ్రాసెను. కాని ధర్మసంస్థలకు ఇంతకంటె గట్టి హెచ్చరిక లేదు. అనుమానించిన తల్లి కూడ ప్రశ్నను పూర్తిచేయక, దానముతో దానిని మూసివేసెను. ప్రశ్న మూసిన చోటనే పిశాచము రెండవ పెట్టెను తెచ్చిపెట్టెను.

దీనికి ప్రతిగా కళ్యాణ నగరములోని ఒక గుడిసె కథ మన పాఠకులకు సుపరిచితము. ఆయ్దక్కి మారయ్య మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలు ఏరుకొని వచ్చుట కాయకముగా జీవించువాడు. ఒకనాడు అతడు నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఎవరిని దోచినది కాదు, నేలపై రాలినదే. అయినను అతని భార్య లక్కమ్మ మూట బరువు చూచి, ఇది మన పాలికి మించినదని గ్రహించి, ఆ అధికమును ఎచటనుండి తెచ్చెనో అచటనే పోసి రమ్మని పంపెను. ఈ కథను మనము దారిద్ర్యమునకు స్తుతిగా చెప్పుకొనుట కద్దు. అది పొరపాటని మా అభిప్రాయము. లక్కమ్మ గొప్పతనము పేదరికములో లేదు; ఇంటి గడప దాటి లోనికి వచ్చుచున్న దానిని నిలిపి లెక్క అడుగుటలో నున్నది. భర్త సంపాదనను ప్రశ్నించు అధికారము తనకున్నదని ఆమె యెరుగును. కాయకమనగా కేవలము కష్టించుట కాదు. కష్టఫలమునకు లెక్క చెప్పగలుగుట. బసవేశ్వరుడు స్వయముగా బిజ్జలుని భండారి. లెక్క యను మాటకు ఆయన చెంత లౌకికార్థము, పారమార్థికార్థము అని రెండు లేవు. మార్గరెటా తల్లి సందేహించి దానము చేసెను. లక్కమ్మ సందేహించి తిరిగి ఇప్పించెను. మొదటి ఇంట పిశాచమునకు మరల దారి దొరకెను; రెండవ ఇంట దొరకలేదు.

కావున ఆచరణలో చేయదగినది ఏమి? ఉద్యోగము మానుమనుట కాదు. నగరము విడిచి పొండనుట కాదు. గృహస్థుడు తన ఇల్లు ఏ భూమిపై కట్టినదో విచారించి కొనవలెను. పర్యవేక్షణాధికారము గలవాడు తన క్రింద గుత్తకు పనిచేయువారికి నెల తిరుగకముందే జీతము ముట్టుచున్నదా, భవిష్యనిధి జమయగుచున్నదా యని ఒక్కసారి కాగితము తెప్పించి చూడవలెను. ఇంట పనిచేయు స్త్రీకి జ్వరము వచ్చిననాటి కూలి కోయునప్పుడు, తనకు సంస్థ ఇచ్చు సెలవుల సంఖ్య జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మఠములు భారీ విరాళము వచ్చినప్పుడు శిలాఫలకమున పేరు చెక్కించుటకు ముందు, ఆ ధనము ఏ కాయకమునుండి వచ్చినదని వినయముగా అడుగవలెను. అడిగినందున కొందరు దాతలు తగ్గుదురు. తగ్గినవారివలన మఠమునకు కలుగు నష్టమెంతయో, అడుగనందున కలుగు నష్టము దానికంటె ఎక్కువ. ఇవి పెద్ద త్యాగములు కావు. వీనివలన జరిగిన అన్యాయమెల్ల మరలిపోదు. కాలిన కుటీరము లేవదు. కాని అడిగినవాడు నిలిచిన చోటు మారును. అతడు పిశాచము ఎదుట బేరగాడుగా నిలుచుట మాని, చుట్టు తిరిగి వచ్చి, మార్గరెటా ముఖమును అద్దము సహాయము లేక చూచును.

ఫౌస్టు చివరకు అంధుడగును. బయట పారల చప్పుడు వినబడును. తన కాలువను వేలాది జనులు త్రవ్వుచున్నారని అతడు మురిసిపోవును. నిజమునకు ఆ పారలు అతని గోతినే త్రవ్వుచుండెను. నాటకకర్త అతనిని అంతటితో విడువలేదు. కరుణచే అతనికి ముక్తి కల్పించెను, ఆ ముక్తికై ప్రార్థించినవారిలో మార్గరెటాను కూడ నిలిపెను. మోసపోయిన ఆమె క్షమింపవచ్చును. అది ఆమె ఔదార్యము. ఆ ఔదార్యమును ముందుగానే లెక్కలో వేసికొని బేరము చేయు హక్కు ఎవరికిని లేదు. ఒక్క విషయము గమనింపదగినది. చెరసాల తలుపులు తెరచి ఫౌస్టు పారిపొమ్మనినప్పుడు మార్గరెటా కదలలేదు. ఆ ముగ్గురిలో తాను చేసిన దానికి లెక్క ఒప్పగించుటకు నిలిచినది ఆమె ఒక్కతెయే.

హైదరాబాదులో ఉద్యోగములు చేయు మన బిడ్డలు సెలవునాడు తలిదండ్రులను నగరము చూపుటకు తీసికొనిపోవుచుందురు. తీగల వంతెనయు, అద్దాల మేడలును చూపుడు, అవి చూడదగినవే. ఆ మరునాడు మూసీ గట్టుకు కూడ తీసికొనిపొండు. ఆ విగ్రహము ముందు నిలిపి, ఇద్దరి కథ చెప్పిన పిదప, ఇందులో లేని మూడవవాని కథ చెప్పుడు. తిరిగి వచ్చునప్పుడు తల్లి బిడ్డను ఒక్క మాట అడుగవచ్చును: నీ జీతము ఏ పనికి వచ్చుచున్నది, నాయనా? ఆ పనిలో నీకు కానరానివారు ఎవరు? లక్కమ్మ అడిగినట్లు, నిష్ఠురము లేక, గడపలో నిలిచి అడుగవలెను. బిడ్డ వెంటనే బదులు చెప్పలేకపోవచ్చును. మరునాడు కార్యాలయ ద్వారమున కాపలావాని ఊరు పేరు అడిగి వచ్చినచో, ఆ ప్రశ్న వృథా కాలేదని తెలిసికొనవచ్చును.